తొందరపడని ఇంజిన్: పాత కరిజ్మా మీద మన నమ్మకానికి కారణాలు

(కర్నూలులో పాత మోటారుసైకిళ్ళ యజమానులు, మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థులు కలుసుకున్న సమావేశంలో ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకులు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

సభకు వచ్చిన పెద్దలకు, మెకానిక్ మిత్రులకు, ఐటీఐ విద్యార్థులకు నమస్కారం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క మోటారుసైకిల్ గురించి, 2003లో హీరో హోండా కంపెనీ విడుదల చేసిన కరిజ్మా గురించి. బయట నిలబెట్టిన బండ్లలో అవే ఎక్కువగా కనబడుతున్నాయి కనుక మీలో చాలామందికి దానిని పరిచయం చేయవలసిన పని లేదు. ఒక ప్రశ్న వేసుకోవలసిన పని మాత్రం ఉంది. ఇరవై ఏళ్ళు పైబడిన ఈ బండి మీద కర్నూలు నుండి బెంగళూరుకో, కడప నుండి తిరుపతికో, అనంతపురం నుండి హైదరాబాదుకో బయలుదేరేటప్పుడు, చేరతామా లేదా అన్న అనుమానం లేకుండా మనం ఎలా బయలుదేరగలుగుతున్నాము? బండి మంచిది కాబట్టి అంటారు. సరే, ఎందుకు మంచిది? ఏ భాగంలో మంచిది? ఎంతకాలం మంచిగా ఉంటుంది? వీటికి జవాబు తెలియకుండా నమ్మితే ఆ నమ్మకం ఏదో ఒక రోజు డోన్ దాటాక నడిరోడ్డు మీద తెగిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది మొదటే చెప్పేస్తాను. బండి మీద పెట్టుకునే భరోసా పేరులో లేదు, ట్యాంకు మీది గుర్తులో లేదు, అదృష్టంలో అంతకన్నా లేదు. ఇంజిన్ చేయగలిగిన పనికీ, దాని చేత మనం చేయించుకునే పనికీ మధ్య మిగిలి ఉన్న వెసులుబాటులో ఉంది. ఆ వెసులుబాటును తయారుచేసినవారు ముందే ఇచ్చి పంపారు. దానిని నిలుపుకోవడమో, పోగొట్టుకోవడమో నడిపేవారి చేతిలోనూ, మరమ్మతు చేసేవారి చేతిలోనూ ఉంది. వెసులుబాటు అన్న ఈ మాటను ఇవాళ మళ్ళీ మళ్ళీ వాడతాను, విసుక్కోకండి.

ఈ బండి ఏ కాలంలో వచ్చిందో కొంచెం గుర్తు చేసుకుందాం. 1984లో హీరో, హోండా కలిసి ఒక కంపెనీ పెట్టారు. 1985లో వచ్చిన సీడీ 100 మొదలుకొని 1994లో వచ్చిన స్ప్లెండర్ దాకా ఆ కంపెనీ మనకు అలవాటు చేసినవి తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే వంద సీసీ బండ్లు. ఊరికీ పొలానికీ, ఇంటికీ బడికీ అవి చాలు. కాని నాలుగు లేన్ల దారి మీద లారీల పక్కన గంటల తరబడి పోవాలంటే వంద సీసీ ఇంజిన్‌కు ఊపిరి సరిపోదు. రెండో వైపున 346 సీసీ బుల్లెట్ ఉంది. బుల్లెట్‌ను నేను తక్కువ చేసి మాట్లాడను, 1950ల నుండి మద్రాసులో తయారవుతున్న బండి అది, దాని మీద ప్రాణం పెట్టుకున్నవారు ఈ సభలోనే ఉన్నారు. అయితే పోత ఇనుప ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్ యజమాని చేతికి నూనె అంటుకోకుండా ఎక్కువ కాలం నడవనివ్వదు; ప్లగ్‌కు నిప్పురవ్వ అందించే పాయింట్లు చూసుకోవాలి, వాల్వుల దగ్గర ఖాళీ సరిచేసే ట్యాపెట్లు చూసుకోవాలి, చైను చూసుకోవాలి. పొద్దున బయలుదేరి సాయంత్రానికి చేరి, మరునాడు ఆఫీసుకో బడికో వెళ్ళవలసిన మనిషికి ఈ రెండింటి మధ్య ఒక బండి కావలసి వచ్చింది. 1999లో వచ్చిన 156 సీసీ సీబీజెడ్ ఆ దారిలో ఒక అడుగు. 2003లో వచ్చిన 223 సీసీ కరిజ్మా ఆ ఖాళీని నింపింది.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి వద్దాం. ఐటీఐ విద్యార్థులు ఈ అంకెలు రాసుకోండి. ఒకే సిలిండర్, గాలితో చల్లబడేది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 65.5 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 66.2 మిల్లీమీటర్లు; రెండూ దాదాపు సమానం. వాల్వులు రెండే. కంప్రెషన్ 9కి 1. గేర్లు ఐదు. ఇవే కొలతలున్న ఇంజిన్‌ను హోండా వారు సీఆర్‌ఎఫ్ 230 అనే మట్టిదారుల బండికి కూడా వాడారు. పడుతూ లేస్తూ, బురదలోనూ ఇసుకలోనూ తిరగవలసిన బండికి పనికివచ్చిన ఇంజిన్ అంటే, దాని లోపలి భాగాలు ఎంత గట్టిగా చేసి ఉంటారో మీరే ఊహించుకోండి. ఇక శక్తి ఎంత? నిమిషానికి 7,000 చుట్ల దగ్గర దాదాపు 17 హార్స్‌పవర్. అంతేనా, 223 సీసీకి 17 హార్స్‌పవరేనా అని అడుగుతారు. ఔను, అంతే. ఇక్కడే మన విషయమంతా ఉంది.

పోల్చి చూద్దాం. 2008లో యమహా ఆర్15 వచ్చింది. అదీ మంచి బండే. దాని ఇంజిన్ 149 సీసీ పైచిలుకు, నీటితో చల్లబడేది, నాలుగు వాల్వులు. దాని శక్తి కూడా 17 హార్స్‌పవర్ చుట్టుపక్కలే, కాని 8,500 చుట్ల దగ్గర. అదే పనిని ఒక ఇంజిన్ 150 సీసీతో ఎక్కువ చుట్లు తిరిగి చేస్తోంది, ఇంకొకటి 223 సీసీతో తక్కువ చుట్లు తిరిగి చేస్తోంది. 2023లో అదే కరిజ్మా పేరుతో వచ్చిన కొత్త బండిని చూడండి. 210 సీసీలోనే 25 హార్స్‌పవర్‌కు పైగా ఇస్తుంది, నీటితో చల్లబడుతుంది, ఆ శక్తి కోసం 9,000 చుట్లు దాటి తిరుగుతుంది. ఇంజినీర్లు ఆ విద్య నేర్చుకున్నారు, సంతోషం. కాని పాత ఇంజిన్‌ను చేసినవారు 223 సీసీలో నుండి రాబట్టగలిగినదంతా రాబట్టలేదు. కావాలనే కొంత వదిలిపెట్టారు. పదిహేను బస్తాలు లాగగల ఎద్దులకు పది బస్తాలే కట్టిన రైతు దగ్గర ఆ జత ఎక్కువ సేద్యాలు చూస్తుంది కదా, ఇదీ అంతే.

ఒక చిన్న లెక్క చేద్దాం, బోర్డు అవసరం లేదు. స్ట్రోకు 66.2 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. నిమిషానికి 5,000 చుట్లు అయితే పిస్టన్ నిమిషంలో 662 మీటర్లు తిరుగుతుంది. అరకిలోమీటరు కన్నా ఎక్కువ! అంత దూరమూ సాఫీగా పోవడం లేదు, ప్రతి చుట్టుకు రెండుసార్లు పూర్తిగా ఆగి వెనక్కి తిరుగుతోంది. అలా ఆపి తిప్పే బలం కనెక్టింగ్ రాడ్ మీద, దాని బేరింగ్ మీద పడుతుంది. ఆ బలం చుట్లతో పాటు సమానంగా పెరగదు, చుట్ల వర్గంతో పెరుగుతుంది. అంటే 7,000 చుట్ల దగ్గర పడే బలంలో 5,000 చుట్ల దగ్గర పడేది సుమారు సగమే. ఇది మరచిపోకండి. చుట్లు తగ్గినది మూడో వంతు కూడా లేదు, బరువు మాత్రం సగానికి సగం తగ్గింది. హైవే మీద డెబ్బై, ఎనభై వేగంలో నిలకడగా పోయే కరిజ్మా తన గరిష్ఠ శక్తికి చాలా కింద పనిచేస్తుంది. అదే వేగానికి వంద సీసీ బండి తన శక్తినంతా వెచ్చించవలసి వస్తుంది. రెండూ ఒకే వేగంలో పక్కపక్కనే పోతున్నట్టు కనబడతాయి. లోపల జరుగుతున్నది మాత్రం ఒకటి కాదు.

మన దారులకు ఈ గుణం ఎలా కలిసివస్తుందో చూడండి. కర్నూలు నుండి డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి దాదాపు అంతా తెరపి దారి. అక్కడ కావలసినది ఒకే వేగంలో గంటల తరబడి నిలకడగా పోగల ఇంజిన్. అదే కడప నుండి రాయచోటి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి. నంద్యాల నుండి గిద్దలూరు పోవాలంటే నల్లమల ఘాటు దాటాలి. ఆత్మకూరు నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం పోవాలంటే అడవిలో మలుపుల వెంట మలుపులు. అక్కడ కావలసినది వేగం కాదు, కింది చుట్లలోనే లాగే బలం. ఈ బండి గరిష్ఠ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 18.35 న్యూటన్ మీటర్లు, అదీ 6,000 చుట్ల దగ్గర. వెనుక ఇంటావిడ, ఇరువైపులా సంచులు, ముందు ఎత్తు. మూడో గేరులో ఇంజిన్ అరవకుండా, వణకకుండా ఎక్కిపోతుంది. గేరు మార్చడం ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు కూడా వెసులుబాటే.

పనికివచ్చే బండి అనడానికి ఇంజిన్ ఒక్కటే చాలదు. ట్యాంకులో 15 లీటర్లు పడతాయి. నిదానంగా నడిపేవారికి హైవే మీద లీటరుకు 35 కిలోమీటర్లు రావడం సాధారణం. అంటే నిండు ట్యాంకుతో కర్నూలు వదిలినవారు బెంగళూరు చేరే దాకా బంకు వెతుక్కోవలసిన పని ఉండదు. ముందున్న సగం ఫెయిరింగ్, అంటే ప్లాస్టిక్ తొడుగు, ఛాతీ మీద పడే గాలిని పక్కకు తోస్తుంది; గాలిని ఎదుర్కోవడంలో ఎంత అలసట ఉందో పొద్దంతా బండి నడిపినవారికే తెలుస్తుంది. హ్యాండిల్ మరీ కిందికి లేదు, నడుము వంచవలసిన పని లేదు. బరువు 150 కిలోలు, సందుల్లోకి తోసుకొని పోవడానికి ఒక్క మనిషి చాలు. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. దూరప్రయాణంలో చిన్న విషయాలు ఉండవు.

లోపాలు చెప్పకపోతే ఈ ప్రసంగం ప్రకటన అయిపోతుంది. హెడ్‌లైటు ఫెయిరింగ్‌కు బిగించి ఉంటుంది కనుక హ్యాండిల్ తిప్పినప్పుడు వెలుతురు దానితో పాటు తిరగదు. రాత్రి ఘాటు మలుపులో మీరు ఒక వైపు తిరుగుతుంటే లైటు ఇంకో వైపు లోయను చూపిస్తుంది. అందుకే రాత్రి ఘాటు పెట్టుకోవద్దని నేను అందరికీ చెబుతాను. ముందు టైరు 2.75 అంగుళాల వెడల్పే. తడి రోడ్డు మీద, పరచిన ఇసుక మీద గట్టిగా వంచడానికి అది పనికిరాదు. ముందు డిస్క్ బ్రేకు మంచిదే, వెనుకది డ్రమ్ము. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే, ఈనాటి బండ్లలో ఉన్న ఏబీఎస్ దీనిలో లేదు. కొత్త బండి మీది నుండి దిగి దీని మీద ఎక్కినవారు మొదటి రోజు ముందరి బండికి ఇంకా ఎక్కువ దూరం వదలాలి. ఇంజిన్ ఇచ్చే భరోసాను బ్రేకులకు కూడా అంటగట్టకండి.

ఇక నిలుపుకోవడం గురించి. మన జిల్లాల ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు. గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఆ గాలే వేడిగా ఉంటే ఏం చేస్తుంది? అప్పుడు సగం పని నూనె చేయాలి. ఈ ఇంజిన్‌లో పట్టే నూనె లీటరు చుట్టుపక్కలే. ఆ లీటరు నూనే పిస్టన్‌ను కాపాడాలి, గేర్లను కాపాడాలి, క్లచ్ ప్లేట్లను తడపాలి, వేడిని మోసుకుపోవాలి. ఇన్ని పనులు చేసే నూనె పాతబడితే, తగ్గిపోతే అన్ని పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. అందువల్ల రెండు మాటలు. ఒకటి, దూరం బయలుదేరే ముందు రోజు సాయంత్రం బండిని సెంటర్ స్టాండు మీదో, నిలువుగా పట్టుకొనో నూనె మట్టం చూడండి. సైడు స్టాండు మీద ఒరిగిన బండి చెప్పే మట్టం అబద్ధం. రెండు, కారు నూనె మిగిలింది కదా అని పోయకండి. కారులో క్లచ్ పొడిగా ఉంటుంది, ఇక్కడ నూనెలో మునిగి ఉంటుంది. జారుడు పెంచే మందులు కలిపిన నూనె పోస్తే క్లచ్ జారుతుంది. నూనెలో మునిగే క్లచ్‌కు సరిపోతుందని తెలిపే జాసో ఎంఏ అన్న గుర్తు డబ్బా మీద చూసి కొనండి.

ఎండ తరువాత దుమ్ము. బేతంచెర్ల వైపు, తాడిపత్రి వైపు, కొలిమిగుండ్ల వైపు తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసిన మెకానిక్‌లు ఇక్కడ ఉన్నారు. నాపరాళ్ళ పాలిష్ మిషన్ల పక్క నుండి పోయే దారిలో ఆ తెల్లటి పిండి ఎంత సన్నగా ఉంటుందో మీకు తెలుసు. వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగానే ఉంటుంది, కాని అది రాయి. ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకి పోయిందంటే పిస్టన్ రింగులను, బోరును అరగదీస్తుంది. మాన్యువల్‌లో రాసిన దూరం మామూలు దారులకు రాసినది. మన దుమ్ముకు దానిలో సగానికే ఫిల్టర్ చూసుకోవాలి. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ పెరుగుతుందని కుర్రవాళ్ళకు ఎవరో చెబుతారు. ఎవరు చెప్పినా వినకండి.

ఇప్పుడు కొంచెం నిదానంగా ఒక పని గురించి చెబుతాను. ఇది ముఖ్యంగా విద్యార్థుల కోసం. ట్యాపెట్ సెట్టింగ్. వాల్వు కొసకూ, దానిని నొక్కే రాకర్ కొన మీది స్క్రూకూ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. వెంట్రుక మందం అనుకోండి. ఇంజిన్ వేడెక్కినప్పుడు లోహాలు సాగుతాయి, ఆ సాగుదలకు చోటు అది. ఖాళీ ఎక్కువైతే టకటకమని చప్పుడు వస్తుంది. యజమాని ఆ చప్పుడు వినలేక షాపుకు వస్తాడు, మెకానిక్ స్క్రూ బిగించి చప్పుడు ఆపేస్తాడు, యజమాని సంతోషంగా వెళ్ళిపోతాడు. పని అయిపోయిందా? కాలేదు, అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. ఎగ్జాస్ట్ వాల్వు పక్కనుండి పోయే పొగ వందల డిగ్రీల వేడి. ఆ వేడిని వాల్వు ఎక్కడ వదిలించుకుంటుంది? మూసుకున్న క్షణంలో, తన సీటును, అంటే తాను కూర్చునే అంచును, ఆనుకొని, ఆ సీటు ద్వారా సిలిండర్ హెడ్‌కు ఇచ్చేస్తుంది. ఖాళీ లేకుండా బిగిస్తే వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటును ఆనదు, వేడిని ఇచ్చే చోటు పోతుంది. అలా నడిచిన వాల్వు అంచు కాలి, చిట్లి, కంప్రెషన్ పోతుంది. చప్పుడు చేసే ట్యాపెట్ మనకు సంగతి చెబుతుంది. బిగుసుకున్న ట్యాపెట్ ఏమీ చెప్పదు.

మరి ఎలా చేయాలి? ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి, రాత్రంతా నిలిపిన బండి అయితే ఇంకా మంచిది. ప్లగ్ విప్పితే తిప్పడం తేలిక. ఎడమ వైపు మూత తీసి, ఫ్లైవీల్ మీది ‘T’ అక్షరం గుర్తును ఇంజిన్ కేసు మీది గీతకు తీసుకురావాలి. ఆ గుర్తు రెండు చుట్లకు రెండుసార్లు వస్తుంది, ఒక్కసారే కంప్రెషన్ మీద, అంటే రెండు వాల్వులూ మూసుకొని, ఉంటుంది. రెండు రాకర్లూ వేలితో కదిలిస్తే కొంచెం ఆడుతుంటే అదే సరైన చోటు, ఒకటి బిగుతుగా ఉంటే ఇంకొక చుట్టు తిప్పాలి. మాన్యువల్‌లో ఇచ్చిన మందం గల ఫీలర్ గేజ్ రేకును, అంటే ఖాళీ కొలిచే పలుచని రేకును, దూర్చండి. దూరిన రేకును లాగినప్పుడు సన్నగా పట్టుకున్నట్టు ఉండాలి, ఇరుక్కోకూడదు, ఊడిపోకూడదు. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగి కొలత మారుతుంది, అందుకే బిగించిన తరువాత మళ్ళీ ఒకసారి రేకు పెట్టి చూడండి. చాలామంది ఈ చివరి పని వదిలేస్తారు. పది నిమిషాల పని అది, కాని ఇంజిన్ ఆయుష్షు దాని మీద ఉంది. కొలత లేకుండా చెవితో ట్యాపెట్ పెట్టే పెద్ద మెకానిక్‌ల మీద నాకు గౌరవం ఉంది. అయినా విద్యార్థులారా, మీరు మాత్రం రేకు పెట్టండి.

కార్బురేటర్ సంగతి. ఈ బండిది సీవీ రకం. మీరు యాక్సిలరేటర్ తిప్పినంత మాత్రాన లోపలి పిస్టన్ పైకి లేవదు, ఇంజిన్ పీల్చే గాలి శూన్యంతో లేస్తుంది. అందుకే తిప్పుడు దురుసుగా ఉన్నా పెట్రోలు సాఫీగా అందుతుంది. ఆ పిస్టన్‌ను లేపేది పలుచని రబ్బరు డయాఫ్రం. ఇరవై ఏళ్ళ బండిలో అది గట్టిపడి సన్నగా చిరిగి ఉండవచ్చు. స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్ బాగుంటుంది, రోడ్డెక్కితే మాత్రం లాగదు. ఇంజిన్ పని అయిపోయిందని చెప్పి సిలిండర్ బోరు చేయించడానికి సిద్ధపడే ముందు, కార్బురేటర్ పైమూత స్క్రూలు విప్పి ఆ రబ్బరును వెలుతురుకు పట్టి చూడండి.

దీనికి తోడు ఇప్పుడు ఇథనాల్ వచ్చింది. 2025 నాటికి మనకు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది చెరకు, మొక్కజొన్న, నూకల నుండి తీసేది, దేశానికీ రైతుకూ మేలు జరగవచ్చు, ఆ చర్చ మనది కాదు. మన బండికి ఏమవుతుందన్నదే మన చర్చ. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో లీటరు ఇథనాల్‌లో ఉండేది సుమారు మూడింట రెండు వంతులే. కనుక మైలేజీ కొంత తగ్గితే ఇంజిన్‌ను తిట్టకండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండిలో ఆ నీరు ట్యాంకు అడుగుకు, కార్బురేటర్ గిన్నెలోకి చేరి తుప్పు పట్టిస్తుంది. పాత రబ్బరు పైపులు, ఓ-రింగులు మెత్తబడతాయి. ఎక్కువ రోజులు నిలపవలసి వస్తే పెట్రోలు ట్యాప్ మూసి, కార్బురేటర్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఖాళీ చేయండి. పైపులు మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, అవి చిట్లే దాకా ఆగవద్దు.

2009లో వచ్చిన కరిజ్మా జెడ్‌ఎంఆర్ మంచిదా, పాత కార్బురేటర్ బండి మంచిదా అని ఇందాక ఒక అన్న అడిగారు. జెడ్‌ఎంఆర్‌లో కార్బురేటర్‌కు బదులు పెట్రోలును చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, ఆయిల్ కూలర్ ఉంది, వెనుక డిస్క్ ఉంది. చలికాలం పొద్దున స్టార్ట్ కావడంలో, మన ఎండకు ఇంజిన్ నూనెను చల్లబరచడంలో అదే మేలు, ఇందులో వాదన లేదు. కాని దాని ఇంజెక్షన్‌కు కరెంటు కావాలి, పంపుకు శుభ్రమైన పెట్రోలు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసి స్టార్ట్ చేయడం కష్టం. నల్లమల నడుమ ఆగిపోతే ఏ పల్లె మెకానిక్ అయినా స్క్రూడ్రైవర్‌తో చూడగలిగేది కార్బురేటర్‌నే. పట్టణంలో ఉండి, తెలిసిన షాపు అందుబాటులో ఉన్నవారు జెడ్‌ఎంఆర్ తీసుకోండి. ఊళ్ళలో ఉండేవారికి నా సలహా పాత బండే.

బండిని మార్చుకునే ఉత్సాహం గురించి కూడా చెప్పాలి. బోరు పెంచడం, సైలెన్సర్ కోసి గొట్టం పెట్టడం, ముందు స్ప్రాకెట్ పళ్ళు మార్చడం, ఎక్కువ వాట్ల లైట్లు, నాలుగు హారన్లు. వీటిలో ప్రతి ఒక్కటీ నేను మొదట చెప్పిన వెసులుబాటులో నుండి కొంత తినేస్తుంది. లైట్ల సంగతే తీసుకోండి. ఈ బండి ఆల్టర్నేటర్ ఆనాటి బల్బులకు సరిపడా చేసినది. అదనపు లైట్లు వేసి, తొడుగు ఒలిచి తీగలు మెలిపెట్టి టేపు చుడితే బ్యాటరీకి ఛార్జింగ్ చాలదు, అతుకు దగ్గర వేడెక్కుతుంది, చివరికి వైరింగే కాలుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కొసల దగ్గర మీటరు పెట్టండి. 13.5 నుండి 14.5 వోల్టుల మధ్య ఉంటే సరి. లైట్లు వేశాక 12కు పడిపోతోందంటే, ఎంత మంచి బండి అయినా మిమ్మల్ని ఇంటికి చేర్చదు.

పాత బండి కొనబోయేవారు వినండి. అమ్మేవారికి ముందే ఫోను చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని చెప్పండి. వెళ్ళగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. వేడిగా ఉంటే ఏదో దాచడానికి ముందే వేడి చేసి ఉండవచ్చు. చల్లటి ఇంజిన్‌లో మొదటి నిమిషం వచ్చే చప్పుడే నిజమైన చప్పుడు. పైన హెడ్ దగ్గర వచ్చే సన్నని టకటక ట్యాపెట్‌ది కావచ్చు, దానికి భయపడవద్దు. పక్క నుండి గొలుసు ఈడ్చినట్టు వస్తే టైమింగ్ చైన్, దాని టెన్షనర్ చూడాలి. కింది నుండి బరువుగా దబదబమని వస్తే క్రాంక్ బేరింగ్. నమస్కారం పెట్టి వచ్చేయండి. పొగను గమనించండి. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు మాత్రమే నీలం పొగ వస్తే వాల్వు ఆయిల్ సీళ్ళు, అది చిన్న ఖర్చు. లాగినంతసేపూ నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు. ముందు చక్రం నేల నుండి లేపి హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి, నడుమ గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, పోయింది. వెనుక చక్రాన్ని రెండు చేతులా పట్టి పక్కలకు ఊపండి, ఆడితే స్వింగ్ ఆర్మ్, అంటే వెనుక చక్రాన్ని పట్టుకునే చట్రం, బుష్‌లు చూడాలి. ఇవన్నీ బాగుచేసుకోగలిగినవే. వంకరపోయిన ఫ్రేము మాత్రం బాగుచేసుకోగలిగినది కాదు. ఇంజిన్ సామాను కన్నా ఫెయిరింగ్, సైడ్ ప్యానెళ్ళ వంటి ప్లాస్టిక్ సామాను దొరకడమే కష్టం కనుక, అవి పగలకుండా ఉన్న బండికి నాలుగు వేలు ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు.

చివరగా కాగితాలు. మన దగ్గర ఈ బండ్లు ఏపీ 21, ఏపీ 04, ఏపీ 02 నంబర్లతో ఉంటాయి; ఆర్.సి. గడువు పదిహేనేళ్ళు. 2003 నాటి బండికి ఆ గడువు ఎప్పుడో దాటింది. ఫారం 25తో ఆర్టీఏలో బండి చూపించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకుంటూ ఉండాలి. అమ్మేవారు పొడిగించకపోతే ఆ పని వారి చేతనే చేయించి కొనండి, మీ మీద వేసుకోకండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు మీ కళ్ళతో చదివి ఆర్.సి.తో సరిచూడండి. పేరు మార్పుకు 29, 30 ఫారాల మీద సంతకాలు ఆ రోజే తీసుకోండి. బళ్ళారి నుండో బెంగళూరు నుండో కర్ణాటక నంబరు బండి చౌకగా వచ్చిందంటే, ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, చేతికి వచ్చేదాకా డబ్బంతా ఇవ్వవద్దు. ఇక్కడ మళ్ళీ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్‌ను కూడా ధరలో కలుపుకొని బేరమాడండి.

ప్రశ్నలు ఉన్నవారు బయట అడగండి, ఎందుకంటే నిన్న సాయంత్రం నుండి స్టార్ట్ చేయని బండి ఒకటి ఇక్కడ సిద్ధంగా ఉంచారు. ఎండ ముదరకముందే దాని ట్యాపెట్లు తెరిచి చూద్దాం. విద్యార్థులు ముందు నిలబడండి, ఫీలర్ గేజ్ మీ చేతికే ఇస్తాను.